తిన్నది లెక్కపెట్టకూడదంటుంది మా అమ్మ

వంటగది గట్టు మీద త్రాసు పెట్టిన రోజు నుంచి రెండు రోజులు అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. త్రాసంటే పెద్దదేం కాదు, అరచేతి కంటే కాస్త పెద్దదైన ఎలక్ట్రానిక్ తూకం. దాని మీద కంచం పెట్టి, సున్నా నొక్కి, అన్నం వడ్డించుకుంటున్నాను. "ఏరా, తినే తిండి తూచుకుంటారుట్రా ఎవరైనా? తిన్నది లెక్కపెట్టకూడదు, దిష్టి తగులుతుంది" అంది. చిన్నప్పుడు తమ్ముడు ఎన్ని గారెలు తిన్నాడో పైకి లెక్కపెడితే ఇదే మాట అని నెత్తిన మొట్టింది. అప్పటికీ ఇప్పటికీ ఆవిడ శాస్త్రం మారలేదు.

నేను బతుకుతున్నదేమో లెక్కల మీద. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణానికి ఖాతాలు రాస్తాను. స్టాకులో నాలుగు స్ట్రిప్పులు తేడా వస్తే రాత్రి పదింటి దాకా కూర్చుని అయినా పట్టుకుంటాను. నా ఒంట్లో మాత్రం పదేళ్ళలో పదహారు కిలోల స్టాకు పెరిగితే కన్నెత్తి చూడలేదు. నిరుడు చూసేసరికి వయసు 46, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఎత్తుకు తగ్గ బరువుందా లేదా అని చూసే బీఎంఐ 29. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయం కింద జమ కడతారు.

బరువు తగ్గాలంటే ఖర్చయ్యే క్యాలరీల కంటే తక్కువ తినాలి. దీన్నే క్యాలరీ డెఫిసిట్ అంటున్నారు, మన మాటలో లోటు. ఇందులో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ లోటును లెక్కకట్టమని చెబుతున్న పద్ధతి మీద. ఎవరిని అడిగినా ఒక సూత్రం చేతిలో పెడతారు, లేదా ఒక యాప్ చూపిస్తారు. సూత్రం ఇచ్చేది బడ్జెట్ అంచనా. బడ్జెట్ కాగితం చూసి ఏ దుకాణం లాభనష్టాలూ తేల్చరు, స్టాకు చూసి తేలుస్తారు. ఒంటి లెక్క కూడా స్టాకు చూసి తేల్చాల్సిందే.

ముందు సూత్రం సంగతి చూద్దాం. ఇప్పుడు ఎక్కువగా వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్-సెంట్ జియోర్ సూత్రం. బరువు కిలోలను 10తో గుణించాలి, ఎత్తు సెంటీమీటర్లను 6.25తో గుణించి కలపాలి, వయసును 5తో గుణించి తీసెయ్యాలి. మగవాళ్ళయితే చివర 5 కలపాలి, ఆడవాళ్ళయితే 161 తీసెయ్యాలి. నాకు 840, దానికి 1062.5 కలిపి, 230 తీసేసి, 5 కలిపితే దగ్గర దగ్గర 1678 వచ్చింది. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా గుండె, ఊపిరితిత్తులు, మెదడు, కాలేయం నడవడానికి అయ్యే ఖర్చు అది.

ఇంతవరకు బాగానే ఉంది. దీన్ని మన కదలికను బట్టి ఇంకో అంకెతో గుణించాలి. కూర్చునే ఉద్యోగమైతే 1.2, కాస్త కదిలితే 1.375, ఓ మోస్తరు కదలిక ఉంటే 1.55. నేను రోజూ ఉదయం ముప్పావుగంట బందరు కాలువ గట్టు మీద నడుస్తాను కదా అని 1.55 నొక్కాను. 2600 వచ్చింది. అందులో 500 కోసి రోజుకు 2100 తినొచ్చంది యాప్. ఎంత సంతోషమో! ఆరు వారాలు వంచిన తల ఎత్తకుండా 2100కి లోబడి తిన్నాను. తూకం ముల్లు కదల్లేదు.

తర్వాత కాగితం మీద వేసి చూసుకున్నాను. 1678ని 1.2తో గుణిస్తే 2013. అంటే కూర్చునేవాడికీ, ఓ మోస్తరు కదిలేవాడికీ మధ్య తేడా 587 క్యాలరీలు. నేను కోసుకున్న లోటు 500. ఒక్క గడి తప్పు నొక్కితే లోటు మొత్తం ఎగిరిపోయి పైగా మిగులు తేలింది. మరి నా నడక సంగతి? 84 కిలోల మనిషి ముప్పావుగంట మామూలుగా నడిస్తే, కుర్చీలో కూర్చున్నప్పటి ఖర్చు తీసేశాక, అదనంగా కరిగేది దాదాపు 160 క్యాలరీలు. నడిచి వచ్చాక రెండు ఇడ్లీల మీద కారప్పొడి చల్లి, నడిచొచ్చాను కదా అని రెండు చెంచాల నెయ్యి పోసుకునేవాణ్ణి. నెయ్యి వాటా 90. మిగతా పదమూడు గంటలు కుర్చీలోనే. ఇందులో ఓ మోస్తరు కదలిక ఎక్కడుందో నాకే తెలియాలి.

సూత్రం కనిపెట్టినవాళ్ళది తప్పనడం లేదు. చాలామందికి కలిపి సగటు కట్టినప్పుడు అది బాగానే కుదురుతుంది. సగటు మనిషి మా ఇంట్లో అన్నం తినడు, అదీ చిక్కు. మొదలుపెట్టడానికి ఒక అంకె కావాలి కాబట్టి సూత్రం వాడుకోవచ్చు. దాన్ని నాలుగో అంకె దాకా నమ్మి, తూకం కదలకపోతే "నా ఒళ్ళే అంత, మా వంశమే అంత" అనుకోవడం దగ్గరే మోసపోతాం.

ఇంకో మోసం తినే వైపు ఉంది, అది ఇంతకంటే పెద్దది. 1992లో న్యూయార్క్‌లో పరిశోధకులు, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పుకునే పదిమందిని పరీక్షించారు. రోజుకు 1200 క్యాలరీలు కూడా తినడం లేదని వాళ్ళు నమ్మేవాళ్ళు. ఒంటి ఖర్చును నేరుగా కొలిచి చూస్తే, తిన్నదాన్ని సగటున 47 శాతం తగ్గించి, చేసిన శ్రమను 51 శాతం పెంచి చెబుతున్నారని తేలింది. వాళ్ళ ఒంటి ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు. వాళ్ళు అబద్ధాలకోరులని నేననుకోను. ఉదయం నడిచొచ్చి నెయ్యి పోసుకున్న నాలాంటి వాళ్ళే.

మన తిండిలో ఈ తప్పు ఎక్కడ పడుతుందో చెప్పాలంటే అన్నం హస్తం దగ్గర మొదలుపెట్టాలి. యాప్‌లో "ఒక కప్పు అన్నం" అని ఉంటుంది. మన ఇళ్ళలో కప్పు ఎవరు వాడతారు? హస్తంతో వడ్డించుకుంటాం. నేను వడ్డించుకుంటే ఒక హస్తం 90 గ్రాములు తూగింది. అదే హస్తంతో అమ్మ వడ్డిస్తే 150. మూడు సార్లు వడ్డిస్తే నాది 270, ఆవిడది 450. ఇంట్లో ఎవరినడిగినా రెండూ "మూడు హస్తాలు" అనే చెబుతారు.

అన్నం క్యాలరీలు కూడా నీళ్ళను బట్టి మారతాయి. అందుకే ఉడికిన అన్నానికి పుస్తకంలో అంకె వెతకడం మానేశాను. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2017లో వాళ్ళు మన దేశంలో దొరికే 528 ఆహార పదార్థాలకు పట్టికలు అచ్చువేశారు. అందులో శక్తి కిలోజౌళ్ళలో ఉంటుంది, 4.184తో భాగించుకుంటే క్యాలరీలు వస్తాయి. 100 గ్రాముల తెల్ల బియ్యానికి 356. నేను చేసేదేమిటంటే, మా కుక్కర్ గిన్నె ఖాళీ బరువు 412 గ్రాములని అడుగున మార్కర్‌తో రాసిపెట్టాను. 300 గ్రాముల బియ్యం వండితే మొత్తం 1068 క్యాలరీలు. ఉడికాక గిన్నె బరువు తీసేస్తే అన్నం 870 గ్రాములుంది. అంటే మా ఇంటి అన్నం 100 గ్రాములకు 123. ఇప్పుడు నా మూడు హస్తాలు 332, అమ్మ మూడు హస్తాలు 553. రెండు పూటలా ఆవిడే వడ్డిస్తే తేడా 440. తల్లి ప్రేమకు ఇంత కచ్చితమైన కొలత ఎక్కడా దొరకదు.

సందర్భం వచ్చింది కాబట్టి చిరుధాన్యాల ముచ్చట కూడా. అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నాను, అయినా తగ్గడం లేదని మా ఆఫీసులో ఒకాయన బాధ. అదే పట్టికలో 100 గ్రాముల జొన్నలకు 334, రాగులకు 321. బియ్యానికీ జొన్నకూ తేడా 22 క్యాలరీలు, చెంచాడు పంచదారతో సమానం. జొన్నలో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, అందువల్ల తక్కువ తింటే మేలు. మూడు రొట్టెలు తినేవాడు జొన్న కదా అని ఐదు తింటే జొన్న ఏం చేస్తుంది పాపం?

అన్నం కంటే పెద్ద దొంగ నూనె. ఎవరి కంచంలో ఎంత పడిందో కనపడదు. దొండకాయ వేపుడు ఒక కప్పుకు యాప్ 90 క్యాలరీలు చూపించేది. అది వండినవాళ్ళు దొండకాయలకు నూనె వాసన చూపించి ఉంటారు. మా ఇంట్లో వేపుడు అలా ఉండదు, పోపు పెట్టేటప్పుడు సీసా వంచితే చెయ్యి దానంతటదే ఆగుతుంది. నేను వంట చేసే ఆదివారాల్లో నా చెయ్యి ఇంకా ఆలస్యంగా ఆగుతుందని మా ఆవిడ సాక్ష్యం.

కంచంలో పట్టుకోలేని దొంగను గోడౌన్‌లో పట్టుకోవచ్చు. నెల మొదట్లో ఉన్న నిల్వ, దానికి కొన్నది కలిపి, నెలాఖరున మిగిలిన నిల్వ తీసేస్తే వాడకం. మా నలుగురికి నెలకు ఐదు లీటర్లు తేలింది. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. గ్రాముకు 9 క్యాలరీలు. ఐదు లీటర్లను ముప్పై రోజులకూ నలుగురికీ పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 341 క్యాలరీలు. నా ఆరు వారాల యాప్ లెక్కలో ఇందులో సగం కూడా పడలేదు.

ఈ లెక్క చూసి మా ఆవిడ తనే సీసా తీసేసి చెంచా పెట్టింది. ఇప్పుడు నెలకు మూడు లీటర్లు. మనిషికి రోజుకు 205 క్యాలరీలు. ఎవరి నోరూ కట్టెయ్యకుండా ఇంటిల్లిపాదికీ 136 తగ్గింది, అమ్మకు కూడా. కూరలు రుచి తగ్గాయని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. విషయం ఆవిడకు చెప్పలేదు కాబట్టి.

అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. మధ్యాహ్నం భోజనం, రాత్రి ఫలహారం. ఒకసారి ఆ ఫలహారం తూచాను. ఉప్మాకు 75 గ్రాముల బొంబాయి రవ్వ, నూనె నెయ్యి కలిపి 20 గ్రాములు, జీడిపప్పు గుప్పెడు. దగ్గర దగ్గర 500 క్యాలరీలు. మామూలు రోజు రాత్రి ఆవిడ తినే అన్నం, పప్పు, మజ్జిగ 400 దాటవు. దేవుడి లెక్క వేరు, అందులో నేను వేలు పెట్టను. బరువు తగ్గడానికి రాత్రి అన్నం మానేసి టిఫిన్ తింటున్నామనే వాళ్ళందరి కోసం ఈ అంకె ఇక్కడ పెట్టాను.

ఇప్పుడు అసలు పద్ధతి. జూలైలో నాలుగు వారాలు ఏమీ తగ్గించకుండా, రోజూ తినేదే తింటూ, అన్నీ తూచి రాశాను. నూనెకు ఇంటి వాటా కలిపాను. రోజూ ఉదయం దొడ్డికి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు, బరువు చూసుకున్నాను. రోజువారీ బరువును పట్టించుకోలేదు, వారానికి ఒక సగటు కట్టాను. మొదటి వారం సగటు 84.1, నాలుగో వారం 84.2. నిల్వలో మార్పు లేదు. తిన్నది సగటున 2290. నిల్వ మారలేదంటే వచ్చిందంతా ఖర్చయింది. కాబట్టి నా ఖర్చు 2290. సూత్రంలో ఏ గడి నొక్కాలో ఆలోచించే పనే లేదు.

నిల్వ మారితే సర్దుబాటు చేసుకోవాలి. ఒంట్లో కిలో కొవ్వుకు 7700 క్యాలరీలని మోటుగా లెక్క. కొవ్వు కణజాలంలో కొంత నీరు కూడా ఉంటుంది, అందుకే 9000 రాదు. ఒకామె రోజుకు 2200 తింటూ మొదటి వారం సగటు 72 కిలోలు, నాలుగో వారం సగటు 72.3 ఉందనుకోండి. రెండు సగటుల మధ్య 21 రోజులు. 0.3ను 7700తో గుణిస్తే 2310, 21తో భాగిస్తే 110. అంటే ఆమె ఖర్చు 2090. అందులోంచి 300 నుంచి 500 దాకా తీసేసి తినాలి.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. నేను రాసినదాంట్లో కూడా తప్పులుంటాయి. రోజూ ఓ వంద తక్కువ రాస్తున్నాననుకుందాం. అప్పుడు నా ఖర్చు కూడా వంద తక్కువే తేలుతుంది. దాన్నించి 390 తీసేసి, అదే అలవాటుతో అదే వంద తక్కువ రాస్తూ పోతే, లోటు 390 లోటుగానే ఉంటుంది. ఎప్పుడూ ఒకేలా తప్పే త్రాసుతో వ్యాపారం నడుస్తుంది. సోమవారం నిక్కచ్చిగా, ఆదివారం కళ్ళుమూసుకుని తూచే త్రాసుతో నడవదు.

వారం సగటు ఎందుకంటే నీళ్ళ వల్ల. ఒక ఆదివారం బిర్యానీ తిన్నాక సోమవారం 1.2 కిలోలు పెరిగాను. అంత కొవ్వు పెరగాలంటే ఒక్కరోజులో మామూలు తిండికి పైన తొమ్మిది వేల క్యాలరీలు తినాలి, మనవల్ల కాదు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. ఒంట్లో గ్లైకోజెన్‌గా దాచుకునే పిండిపదార్థం ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని మోస్తుంది. బుధవారానికి ఆ కిలో ఎటు వచ్చిందో అటే పోయింది. కొత్త ఆవకాయ రోజుల్లో కూడా ఇంతే. ఆడవాళ్ళకు నెలసరి ముందు నీరు చేరుతుంది కాబట్టి ఈ నెల నాలుగో వారాన్ని వచ్చే నెల నాలుగో వారంతోనే పోల్చుకోవాలి. ఇది తెలియక సోమవారం తూకం చూసి టెన్షన్ పడి, మంగళవారం పస్తుండి, బుధవారం దిగిన నీటిని పస్తు ఫలితమనుకునేవాళ్ళు ఎందరో.

పద్ధతి కుదిరింది కదా అని ఇక జీవితాంతం కూడికలు తీసివేతలే అనుకోవద్దు. రోజూ పాలూ పంచదారా దండిగా పడే కాఫీ ఒకటి మానేస్తే వంద క్యాలరీలు, ఏడాదికి 36,500, పదేళ్ళలో 47 కిలోలు తగ్గిపోతారని కొందరు గుణకారం చేసి చూపిస్తారు. అదే నిజమైతే కాఫీ మానేసినవాళ్ళంతా ముందు మాయమైపోవాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2011లో ప్రచురించిన గణితం ప్రకారం, రోజుకు వంద తగ్గిస్తే చివరికి తగ్గేది నాలుగున్నర కిలోలు. అందులో సగం తగ్గడానికి ఏడాది పడుతుంది, దాదాపు మొత్తం తగ్గడానికి మూడేళ్ళు. ఒళ్ళు చిన్నదైతే ఖర్చూ చిన్నదవుతుంది, ఒకచోట జమాఖర్చులు సమానమై ఆగిపోతుంది.

నాకూ అదే జరిగింది. ఆగస్టు నుంచి రోజుకు 1900 పెట్టుకున్నాను. 390 లోటుకు నెలకు కిలోన్నర తగ్గాలి. మొదటి నెల 2.3 తగ్గింది, అందులో కొంత నీరు. తర్వాత 1.4, 1.1, 0.7, 0.3. డిసెంబరు ఆఖరుకు 78.4. 5.8 కిలోలు తగ్గాక సూత్రం ప్రకారం చూసినా రోజుకు 80 క్యాలరీల ఖర్చు తగ్గుతుంది. ఆఖరి నెల 0.3 అంటే లోటు 77 మాత్రమే. 390లో ఈ 77, ఒళ్ళు తగ్గినందుకు 80 పోగా, మిగతా 230 ఏమైనట్టు? కొంత ఒళ్ళే పొదుపు చేసి ఉంటుంది. ఎక్కువ భాగం నా చేతివాటం. కార్తీకమాసం భోజనాలు, రెండు పెళ్ళిళ్ళు, "ఈ ఒక్కరోజూ రాయకపోతే ఏమైంది" అనుకున్న రోజులు తొమ్మిది. పుస్తకంలో ఖాళీగా ఉన్న పేజీలు చూస్తే దొంగ ఎవరో తెలుస్తూనే ఉంది.

మా తాతలు ఏ లెక్కా లేకుండా కొండంత అన్నం తిని సన్నగా ఉన్నారు కదా అంటారు. మా తాత పొద్దున్నే అరకతో పొలంలో దిగితే మధ్యాహ్నానికి గట్టెక్కేవాడు. నూనె పండక్కే డబ్బా విప్పేవాళ్ళు. ఆయన తిండి మాత్రం తెచ్చుకుని, ఆయన పనిని ట్రాక్టరుకు ఇచ్చేశాం.

1200 క్యాలరీలతో సరిపెట్టుకోమని నాకు ఒక జిమ్ కుర్రాడు చెప్పాడు. ఊరికే పడుకుంటేనే 1678 కావాల్సిన మనిషికి ఆ సలహా ఇచ్చేముందు ఎత్తు కూడా అడగలేదు. అంత కోస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. పప్పు, పెరుగు, గుడ్డు తగ్గించకుండా అన్నం, నూనె తగ్గించుకోవడం నాకు పనిచేసింది. సుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు తిండి తగ్గించేముందు డాక్టరుతో మాట్లాడాలి, మందు అంతే ఉండి అన్నం తగ్గితే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. గర్భిణులు, బాలింతలు ఈ లెక్కల జోలికే రావద్దు.

మొన్న సంక్రాంతికి అమ్మ అరిసెలు మొదలుపెట్టింది. కొత్త బియ్యం ఎంత నానబోసిందో, పాకంలో బెల్లం ఎంత వేసిందో అడిగితే చెప్పదు. "పండగపూట కూడా ఏంట్రా నీ గోల" అని కసిరింది. సరేనని ఆవిడ చూడకుండా పొయ్యి మీదికి ఎక్కకముందు నూనె మూకుడు తూచాను. బియ్యం డబ్బా, బెల్లం దిమ్మ ముందురోజే తూచి పెట్టుకున్నాను. అరిసెలు వత్తిన చెక్కల కింద కారిన నూనెను తిరిగి మూకుడులో పోసి, చల్లారాక మళ్ళీ తూస్తుంటే వెనకనుంచి వచ్చి పట్టేసుకుంది. తిడుతుందనుకున్నాను. మూకుడు వంక, నా పుస్తకం వంక చూసి, "ఎంత తాగాయిరా?" అంది. "నలభై అరిసెలకు 540 గ్రాములమ్మా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కంచంలో రెండు అరిసెలు పెట్టి నా చేతికిస్తూ, "తినేటప్పుడు మాత్రం లెక్కపెట్టకు, తిన్నాక రాసుకో" అంది.